గుండె మీది కొలువు

పోయిన నెల మా చెల్లెలి బిడ్డ శ్రావణిని వెంటబెట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. చెల్లెలిని వీర్నపల్లికి ఇచ్చాం. శ్రావణి నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణ ముగించుకుని, సర్టిఫికెట్ చేతికి రాగానే పెద్దాసుపత్రి నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చిందని ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నాకు భయమైతుంది. నువ్వు నాతోని అస్తవా?" అని అడిగింది. ఈ పనిలోనే తల నెరిపించుకున్న దాన్ని, నేను పక్కనుంటే ధైర్యమనుకుంది కాబోలు. దాన్ని లోపలికి పంపి నేను వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఒక అద్దాల గది ముందుకొచ్చాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే గది అది. లోపల వెచ్చటి దీపాల కింద వరసగా చిన్న చిన్న తొట్లు. వాటికి ఇవతల, వెనక్కి వాల్చిన కుర్చీలో ముప్పై ఏళ్ల మనిషి చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. గోళ్ల సందున ఇంకా నల్లటి మడ్డి ఉంది, ఏ మరమగ్గం దగ్గర్నుంచో లేచి వచ్చినట్టున్నాడు. అతని ఛాతీకి ఒక గుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డలోంచి ఉన్ని టోపీ ఒక్కటే బయటికి కనిపిస్తోంది. అతను తల వంచి ఆ టోపీనే చూస్తున్నాడు, తను గట్టిగా ఊపిరి పీల్చినా దానికి దెబ్బ తగులుతుందేమో అన్నంత జాగ్రత్తగా.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. శ్రావణి నవ్వుకుంటూ బయటికొచ్చి "వచ్చింది పెద్దమ్మా, రమ్మన్నరు!" అని చెయ్యి పట్టి ఊపినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. బస్టాండులో చాయ్ తాగుతూ అది తన ఇంటర్వ్యూ ముచ్చటంతా చెప్పింది. డ్యూటీ వేళలు, చేతి తొడుగులు, వేలిముద్ర హాజరు. చివరికి "నిన్నేమడిగిన్రు పెద్దమ్మా, నీ కొలువప్పుడు?" అంది. "చెప్త తియ్" అన్నాను. బస్సు వచ్చేసింది. బస్సులో చెప్పే ముచ్చట కాదది. ఇక్కడ రాస్తున్నాను.

మాది కథలాపూర్. మా అవ్వకు రెండు పేర్లు. ఊళ్లో పోశవ్వ, రేకుల గుడిసెలో నడిచే చర్చిలో మరియమ్మ. రెండింటికీ ఒకేలా పలికేది. బాపు నా చిన్నతనంలోనే పోయాడు. మాకు సెంటు భూమి లేదు. అవ్వ ఒకరి పొలంలో నాటు వేసి, ఇంకొకరి పొలంలో కలుపు తీసి మా అక్కచెల్లెళ్లిద్దరినీ సాకింది. తెల్లవారకముందే మక్క గట్క పొయ్యి మీద ఉడుకుతుంటే ఆ వాసనకు మెలకువ వచ్చేది. సాయంత్రం అవ్వ వచ్చేసరికి ఆమెతో పాటు పొలం బురద వాసన ఇంట్లోకి వచ్చేది. అరుగు మీద కూర్చుని, ఆముదం వేడి చేసుకుని, కాళ్ల పగుళ్లలో బొట్టు బొట్టుగా పోసుకుంటూ ఆ రోజు నాట్ల దగ్గర ఎవరు ఏమన్నారో చెప్పేది. ఆ చెప్పేటప్పుడు నవ్వేది కూడా. ఆదివారం మాత్రం వేరే మనిషి. ఉన్న ఒక్క తెల్లచీర ఉతికి కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని, చర్చిలో అందరికంటే పెద్దగా, అందరికంటే శ్రుతి తప్పి పాడేది. ఆ చర్చి అమ్మగారే, అంటే పాస్టరుగారి భార్య, నన్ను పట్టుబట్టి ఒక మిషన్ దవాఖానాకు శిక్షణకు పంపింది. పడక మార్చడం, పుండ్లు పడకుండా రోగిని పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, జ్వరం చూడడం అక్కడ నేర్చుకున్నాను. సర్టిఫికెట్ ఇంటికి తెచ్చిన రోజు, చదువురాని మా అవ్వ దాన్ని పొయ్యి మీంచి దించిన గిన్నెలాగా రెండు అంచులూ పట్టుకుని చాలాసేపు చూసింది. "గీ బొమ్మ నీదేనా?" అని అడిగింది. నాదే అన్నాను. "మంచిగ నవ్వితే గాకపాయెనా" అంది.

ఉద్యోగం వెతుక్కోవడానికి మొదట జగిత్యాల పోయాను. మాకు దగ్గర కోరుట్లే. కానీ అవ్వ ఒప్పుకోలేదు. "కోరుట్లకు మనూరోళ్లంత అస్తరు. వాళ్ల ముంగట నువ్వు మలమూత్రాల గిన్నెలు మోసుకుంట తిరుగుతవా? జగిత్యాల్లైతె ఎవ్వలు సూడరు" అంది. జగిత్యాలలో గడియారం స్తంభం దాటాక ఆసుపత్రులన్నీ ఒకే బజారులో ఉండేవి. ప్రతి గుమ్మం దగ్గరా అదే ప్రశ్న. "ఎక్స్‌పీరియన్సుందా?" ఇప్పుడే శిక్షణ ముగిసిందనేదాన్ని. "ఎక్స్‌పీరియన్సు లేకుంటే ఎట్లమ్మా?" అనేవారు. ఎవరూ పెట్టుకోకపోతే అది ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు, వాళ్లకూ తెలియదనుకుంటాను. ఒకచోట మాత్రం కౌంటరు దగ్గరి పెద్దావిడ నా సర్టిఫికెట్ ఓపికగా చదివింది. "ఎస్తేరు" అని నా పేరు పైకి పలికింది. ఏ ఊరని అడిగింది. ఊళ్లో ఏ వాడని అడిగింది. చెప్పాను. ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చి, "పేషెంట్లకు నీళ్లు తాపాలె, అన్నం తినవెట్టాలె. మా దగ్గరికి అన్ని తీర్లోళ్లస్తరు. ఏమనుకోకు బిడ్డా" అంది. గొంతులో కోపం లేదు, నిజంగానే బాధపడుతున్నట్టు అంది. "ఎండల వడి అచ్చినట్టున్నవు. పెరట్ల నల్లా ఉంది, దూపైతె తాగిపో" అని కూడా అంది. నేను తాగలేదు.

జగిత్యాలలో దొరక్క సిరిసిల్ల పోయాను, ఆ ఊరు పోవడం నాకదే మొదటిసారి. బస్సు దిగగానే కాళ్ల కింద నేల సన్నగా వణుకుతున్నట్టు అనిపించింది. ఊరు ఊరంతా మరమగ్గాల చప్పుడు. కిటికీల్లోంచి, గోడల్లోంచి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నా వెన్నులోంచి వినిపించే చప్పుడు. అక్కడ ఎముకల డాక్టరొకాయన, చేతుల నిండా పిండికట్టు పిండితోనే నాతో మాట్లాడాడు. "నా దగ్గర మనుషులను లేపాలె, కూసోవెట్టాలె. నీతోని కాదు" అన్నాడు. తిరిగి వెళ్తుంటే వెనక్కి పిలిచి, "కోరుట్లల ఒక లేడీ డాక్టరున్నది. ఆడపిల్ల కోసం చూస్తున్నది. నేను పంపిన్నని చెప్పు" అన్నాడు. ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ ఆముదం గిన్నె పక్కనపెట్టింది. తరవాత "పో" అంది. ఇష్టమై అన్నది కాదు. ఇంకో దారి లేక అన్నది.

కోరుట్ల ఆసుపత్రి అంతకు ముందు ఎవరిదో ఇల్లు. పెద్ద వరండా, దాని వెంట గదులు, పైన నాలాంటివాళ్లు పడుకోవడానికి చిన్న గది. లోపల డెటాల్, స్పిరిటు, ఉడకబెట్టిన కత్తెరల వాసన. గుమ్మం దాటితే చుట్టుపక్కల ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గర్నుంచి తునికాకు, పొగాకు వాసన. డాక్టరమ్మ వరంగల్ దిక్కు మనిషి. తక్కువ మాట్లాడేది. ఎవరినైనా ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చబెట్టుకునేది. చలికాలమైనా ఎండాకాలమైనా ఆ అలవాటు తప్పేది కాదు. నా సర్టిఫికెట్ ఆమె విప్పి చూడలేదు. గోళ్లు చూపించమంది. చూసి, "కొన్ని రోజులుండు. చూస్త" అంది. అంతే. ఉద్యోగం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా అడగడానికి నాకు నోరు రాలేదు. రోజూ గిన్నెలు కడిగాను, నెత్తుటి గుడ్డలు ఉతికాను, పడకలు వేశాను. మా ఊరివాళ్లెవరైనా వరండాలో కనిపిస్తే ముందు తల వంచుకునేదాన్ని, కొన్నాళ్లకు మానేశాను.

ఒకరోజు పొద్దున్నే ఆటోలో పద్మను తెచ్చారు. ఏడు నెలలు నిండి ఎన్నో రోజులు కాలేదు. ముఖం, కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, ఆటోలోనే ఫిట్స్ వచ్చాయి. వెంట ఆమె తల్లి లసుమవ్వ ఒక్కతే ఉంది. కొంగు నిండా పొగాకు నుసి, చేస్తున్న బీడీల చాట అక్కడే వదిలి పరిగెత్తుకొచ్చినట్టుంది. అల్లుడు శ్రీను దుబాయిలో ఉన్నాడు. కరీంనగర్ తీసుకుపోయే వ్యవధి లేదని డాక్టరమ్మ అక్కడే ఆపరేషన్ చేసింది. పద్మ బతికింది, కానీ కళ్లు తెరవలేదు. పాప పుట్టింది. కిలో దాటి ఎంతో లేదు. ఏడవలేదు, పిల్లికూనలాగా ఒక చిన్న కూత పెట్టింది. డాక్టరమ్మ కరీంనగర్‌కు ఫోన్ చేస్తే పిల్లల్ని ఉంచే పెట్టెలేవీ ఖాళీ లేవన్నారు. మా దగ్గరున్నది బల్బు పెట్టిన ఒక చెక్కపెట్టె. కరెంటు ఉంటే అది వెచ్చగా ఉండేది. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ పాపను గుడ్డలో చుట్టి పట్టుకుని కాసేపు ఆలోచించింది. "తల్లి గుండె మీద పెడితే బతుకుతరు. ఒంటికి ఒళ్లు తాకాలె. నేను చూసిన, గట్ల బతికినోళ్లను" అంది లసుమవ్వతో. పద్మకు తెలివి లేదు. లసుమవ్వ ముందుకొచ్చింది కానీ వచ్చీ రాగానే దగ్గుతెర వచ్చి వంగిపోయింది. ఏళ్ల తరబడి పొగాకు నుసి పీల్చిన దగ్గు అది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నీకు జలుబు, దగ్గు ఏమన్న ఉన్నయా?"

"లేవు మేడం."

"సబ్బుతోని తానం చేసి రా. జల్ది."

నాకు అర్థమయ్యేసరికి నేను నీళ్ల గదిలో ఉన్నాను. పెళ్లి కాని పిల్లను. ఒంటి మీద బట్ట పక్కకు జరిగితేనే సిగ్గుతో చచ్చే వయసు. వచ్చాక తెర వెనక వాలు కుర్చీలో కూర్చోబెట్టి, రవిక గుండీలు విప్పించి, పాపను నిలువుగా నా రొమ్ముల మధ్య పెట్టి, తల ఒక పక్కకు తిప్పి, కాళ్లు కప్పపిల్లలా ముడిచి, పాత నూలు చీర చింపిన గుడ్డతో మా ఇద్దరినీ కలిపి కట్టింది డాక్టరమ్మ. పైన నా కొంగు కప్పింది. బరువే లేదు. దోసెడు వడ్లు ఒళ్లో పోసుకున్నట్టే ఉంది. ముందు చల్లగా తగిలింది, నీళ్లలోంచి తీసిన చేపపిల్ల తగిలినట్టు. నేను తల వంచి చూశాను. చర్మంలోంచి నరాలు కనబడుతున్నాయి. చెవి ఇంకా ముడతలు తేరని లేతాకులా తలకు అంటుకుని ఉంది. ఒక చెయ్యి నా మీద పరుచుకుని ఉంది. బియ్యపు గింజలంత వేళ్లు. ఆ వేళ్లకు గోళ్లున్నాయి. నేను ఎన్నో చూశాను ఆ తరవాత, పెద్ద పెద్ద ఆపరేషన్లు, చావులు, బతుకులు. కానీ ఆ గోళ్లను చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం మళ్లీ దేనికీ కలగలేదు. ఇంత తొందరగా, ఇంత తయారు కాకుండా వచ్చిన ప్రాణానికి ఎవరో గోళ్లు మాత్రం మరిచిపోకుండా, ఒక్కో వేలికి ఒక్కోటి అమర్చి పంపారు. అలా చూస్తూ ఉండగానే చల్లదనం పోయింది. ఆ ఒళ్లు నా ఒంటి వేడికి వచ్చింది. ఎక్కడ నేను ఆగిపోయి ఎక్కడ పాప మొదలైందో తెలియలేదు.

అప్పటినుంచి అదే నా పని అయింది. పద్మ దగ్గర పాలు పిండి తెచ్చి, ముక్కులోంచి వేసిన సన్న గొట్టంలో చుక్కలు చుక్కలుగా పోసేవాళ్లం. నేను తినడానికో స్నానానికో లేస్తే డాక్టరమ్మ తన కొంగు కింద పాపను కట్టుకుని కుర్చీలో కూర్చుని రోగులతో మాట్లాడేది. "ఊపిరి మర్శిపోతరు గీ పిల్లలు. గుండె మీదున్నప్పుడు నీకే తెలుస్తది. అరికాలు మీద తట్టు, వీపు రుద్దు" అని నాకు నేర్పింది. లసుమవ్వ మూతికి గుడ్డ కట్టుకుని తెర ఇవతల కూర్చునేది. బతుకుతుందో లేదోనని పాపకు పేరు పెట్టనివ్వలేదు. "పిట్ట" అనేది. "పిట్ట పాలు తాగిందా బిడ్డా? పిట్ట కదులుతుందా?"

రెండో రోజో మూడో రోజో, నా ముఖంలోకి చూస్తూ "మీరేంట్లు బిడ్డా?" అని కులం అడిగింది. ఆ ప్రశ్న ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. జగిత్యాలలో దాని జవాబుకు దొరికింది కాగితం మడిచి చేతికివ్వడం. ఇక్కడ నా గుండె మీద ఆమె మనుమరాలు ఉంది. దాచి ఏం చెప్పగలను? చెప్పేశాను. లసుమవ్వ కళ్లు కిందికి దించుకుంది. కుర్చీ కోడు మీద గోటితో గీస్తూ ఉండిపోయింది. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో పాపకు తెలిసే ఉంటుంది. కాసేపటికి లసుమవ్వ లేచింది. పాప టోపీ పక్కకు జరిగి ఉంటే సరిచేసింది. "టోపీ పెద్దగైంది. ఇంకోటి అల్లిపియ్యాలె" అని బయటికి వెళ్లింది. మర్నాడు ఇంటినుంచి రెండు పళ్లేలు తెచ్చింది. డాక్టరమ్మ పాపను తీసుకున్నాక, ఒక పళ్లెం నా ముందు పెట్టి, రెండోది తన ముందు పెట్టుకుని, నా పక్కనే కింద కూర్చుని అన్నం కలుపుకుంది. చింతపండు చారు, పప్పు. "ఉప్పు సరిపోయిందా?" అంది. ఇంకేం అనలేదు.

ఊళ్లోకి ముచ్చట పోయింది. ఎవరు చూశారో ఏమో. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఉంది, డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది. నేను కిటికీ పక్కన పాపతో కూర్చుని ఉన్నాను. తెర విసురుగా పక్కకు జరిగింది. మా అవ్వ. నాట్లలోంచి నేరుగా వచ్చింది. మోకాళ్ల దాకా ఎండిన బురద.

"పెండ్లిగాని పిల్లవు. పరాయోళ్ల పొల్లను రొమ్ముల పెట్టుకొని కూసున్నవట. ఊరంత గదే ముచ్చట. గిందుకేనా నేను నిన్ను సదివిచ్చింది?"

"మెల్లగనవ్వా. పాప పండుకుంది."

"నేను మెల్లగ మాట్లాడాల్నా? రేపు నిన్నెవ్వడు జేసుకుంటడే? ఏ తల్లిని అడిగినవు, నన్నడిగినవా? లెవ్వు. నడువు ఇంటికి."

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నా రొమ్ము మీద సన్నగా, ఆడీ ఆడనట్టు కదిలే కదలిక లేదు. ఎన్నో రోజులుగా ఆ కదలిక నాలో భాగమైపోయింది, అది ఆగిన క్షణం నా ఊపిరే ఆగినట్టు తెలిసింది. కొంగు తీసి చూశాను. పెదవుల చుట్టూ నీలం దిగుతోంది. "పిట్టా" అని పిలిచాను. అరికాలు మీద వేలితో తట్టాను. ఏమీ లేదు. మళ్లీ తట్టాను, వీపు మీద పైకీ కిందికీ రుద్దాను. అవ్వ మాట మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు పాప ఒళ్లంతా ఒక్కసారి జలదరించి, నోరు తెరిచి, నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా గాలి లోపలికి లాక్కుంది. ఇంకోసారి. ఇంకోసారి. నీలం మెల్లగా పోయి ఎర్రదనం వచ్చింది.

అవ్వ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

"ఏమైంది బిడ్డా దానికి?"

"ఊపిరి మర్శిపోయిందవ్వా. గింత చిన్నగున్నప్పుడు మర్శిపోతరట."

"ఊపిరి తీసుడు సుత మర్శిపోతరా!" అంది అవ్వ. ఆమె కళ్లు అంత పెద్దవి కావడం నేనెప్పుడూ చూడలేదు. "మల్ల నువ్వు యాది జేసినవా?"

డాక్టరమ్మ వచ్చి పాపను చూసి, గుండె విని, తల ఊపింది. నన్ను చూసి "పొద్దటి నుంచి తినలేదు గదా నువ్వు" అంది. తరవాత గోడ దగ్గర కూర్చున్న అవ్వ వైపు తిరిగి "మీరు ఎస్తేరు అమ్మనా? ఒంట్ల మంచిగున్నదా? తానం చేసి ఒక గంట మీరు పట్టుకుంటరా పాపను?" అని అడిగింది. తిట్టడానికి వచ్చిన మనిషిని అలా అడుగుతుందని అవ్వ అనుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది.

"నా చేతులు గరుకు డాక్టరమ్మా. పొల్లకు గుచ్చుకుంటయి."

"చేతులతోని పని లేదమ్మా."

అవ్వ స్నానం చేసి వచ్చింది. లసుమవ్వ ఉతికిన చీర ఒకటి ఇచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి పాపను నేనే కట్టాను, డాక్టరమ్మ నాకు కట్టినట్టే. అవ్వ గట్టిగా కళ్లు మూసుకుని ఉంది. పాప ఒళ్లు తగలగానే తెరిచింది. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతున్న మా అవ్వ, ఆ గంటసేపు నోరు విప్పలేదు, కాలు కదపలేదు. నేను అన్నం తిని వచ్చేసరికి అలాగే ఉంది. దగ్గర కూర్చున్నాను. టోపీనే చూస్తూ, నాతోనో పాపతోనో చెబుతున్నట్టు మెల్లగా అంది.

"నీకంటె ముంగట నాకొక పోరడు పుట్టిండు బిడ్డా. గిట్లనే, ఏడో నెలల. గింతే ఉన్నడు. బతుకడని చాటల గుడ్డ పరిచి పండవెట్టిన్రు. శానసేపు కాళ్లాడిచ్చిండు. నేను పక్కపొంటనే పండుకోని సూసిన. గుండెల పెట్టుకొమ్మని ఎవ్వలు జెప్పలే. నాకు తెల్వకపాయె."

నేను ఆ మాట అంతకు ముందెన్నడూ వినలేదు. నాకు ఒక అన్న ఉండేవాడని ఆ కుర్చీ పక్కన కూర్చుని తెలుసుకున్నాను. అవ్వ మోకాలి మీద చెయ్యి వేశాను. తెర దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. ఆమె దగ్గరికొచ్చి, అవ్వ భుజం మీద చెయ్యి పెట్టింది.

"అప్పుడు మాక్కూడ తెల్వదమ్మా" అంది.

అవ్వ అప్పుడు ఏడ్చింది. పాప కదలకుండా, చప్పుడు లేకుండా, చెంపల మీది నీళ్లు పాప టోపీ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని ఏడ్చింది.

నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మా అవ్వ ఆ నాట్ల కాలమంతా ఆసుపత్రిలోనే ఉండిపోయింది. మా చెల్లెల్ని చర్చి అమ్మగారి దగ్గర ఉంచింది. నేనూ అవ్వా వంతులేసుకుని కూర్చున్నాం. లసుమవ్వ బయట, డాక్టరమ్మ దూరం పెట్టిన చోట, చెట్టు నీడన బీడీలు చుడుతూ మా అవ్వతో కిటికీలోంచి ముచ్చట్లాడేది. ఊరివాళ్లు వచ్చి వింతగా చూస్తే అవ్వ కొంగు కొద్దిగా తొలగించి, "దగ్గరికచ్చి సూడున్రి. గోళ్లు సూసిన్రా?" అని తనే పిలిచి చూపించేది. పాప ముందు గొట్టంతో, తరవాత ఉగ్గుగిన్నెతో పాలు తాగింది. ఒకనాడు ఆకలికి నిజమైన ఏడుపు ఏడ్చింది. వరండాలో మందులు తీసుకుంటున్న వాళ్లు కూడా తల తిప్పి చూశారు. పద్మకు తెలివి వచ్చాక కూడా చాలా రోజులు పాపను ముట్టుకోవడానికి భయపడింది. "నాకు భయమైతుంది సిస్టర్" అంది. నన్ను ఎవరైనా అలా పిలవడం అదే మొదలు. ఆమె రవిక గుండీలు నేనే విప్పి, పాపను ఆమె గుండె మీద పెట్టి కట్టాను. పద్మ కిందికి చూసింది. నేను మొదటిరోజు చూసినట్టే, ముందు వేళ్లనే చూసింది. ఇక అక్కడ నా అవసరం లేదని లేచి బయటికొచ్చాను. ఒళ్లు తేలికైపోయినట్టు, చలి పుట్టినట్టు అనిపించింది. వరండాలో డాక్టరమ్మ ఒక తెల్లచీర మడత నా చేతిలో పెట్టింది. "రేపట్నుంచి కట్టుకో" అంది. ఉద్యోగం ఇచ్చానని ఆమె ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

పాప బలం పుంజుకుని తల్లితో ఇంటికి పోయింది. కొన్నాళ్లు చూపించడానికి తెచ్చారు. తరవాత వాళ్లు మెట్‌పల్లి వైపు ఎక్కడికో మారిపోయారని విన్నాను. ఇప్పుడు ఆ పిల్లకూ పిల్లలుండే వయసు. మా పనిలో అంతే. బతికినవాళ్లు ఆసుపత్రిని మరిచిపోతారు, మరిచిపోవాలి కూడా. అవ్వ పోయి ఏళ్లయింది, డాక్టరమ్మ కూడా లేదు. ఇప్పుడు సిరిసిల్లలోనూ జగిత్యాలలోనూ అద్దాల గదులున్నాయి, ఊపిరి మరిచిపోతే మోగే యంత్రాలున్నాయి, అరికాలు మీద తట్టే అమ్మాయిలకు తెల్లటి తొడుగులున్నాయి. నీళ్లు ఎవరు తాగించారని అడిగేవాళ్లు పూర్తిగా పోయారని చెప్పలేను గానీ, శ్రావణిని ఎవరూ వాడ అడగలేదు. అప్పటికంటే ఇప్పుడు మేలా అంటే, మేలే. చాటలో పడుకోబెట్టే పిల్లలు లేరు. నిన్న శ్రావణి ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఒకాయన సౌదీల ఉన్నడు. రోజు వీడియోల పిల్లగాన్ని సూపియ్యమంటడు. కండ్లు తెరిస్తె సాలు, అక్కడ ఆయన దోస్తులంత మురుస్తున్నరు" అని నవ్వింది. దాని మాట వింటుంటే నాకు శ్రీను గుర్తొచ్చాడు.

అప్పుడు ఆసుపత్రికంతటికీ డాక్టరమ్మ గదిలో ఒక్కటే ఫోన్. శ్రీను శుక్రవారం సెలవు రోజున దుబాయి నుంచి చేసేవాడు. లసుమవ్వ రిసీవరు చెవికి కాక నోటికి దగ్గరగా పట్టుకుని, దుబాయి దాకా వినపడాలన్నట్టు అరిచేది. పద్మకింకా తెలివి రాని రోజులవి. ఒక శుక్రవారం లసుమవ్వ ఎంత చెప్పినా అతను నమ్మలేదు. "నాకు అబద్ధాలు జెప్తున్నరు. పొల్ల బతికి లేదు, నాకెరుకే" అని అవతల ఏడుస్తున్నాడు. లసుమవ్వ నన్ను పిలిచింది. నేను పాపను అలాగే గుండెకు కట్టుకుని, కొంగు కప్పుకుని, డాక్టరమ్మ గదిలోకి వచ్చాను. "అన్నా, నేను దవాఖాన్ల పనిజేసే పిల్లను. పాప నా దగ్గరున్నది" అన్నాను. "ఒక్కసారి ఏడిపియ్యమ్మా, దాని గొంతు ఇనాలె" అన్నాడు. ఏడిపించడానికి నాకు మనసు రాలేదు. పాపకు అప్పటికి ఏడ్చే బలమూ లేదు. కొంగు తొలగించి రిసీవరును పాప ముఖం దగ్గర, నా రొమ్ముకు ఆనించి పట్టుకున్నాను. లసుమవ్వ ఊపిరి బిగబట్టి నిలబడింది. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. బయట వరండాలో ఎవరో మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపింది. రిసీవరులోంచి అవతలి గరగర శబ్దం, చాలాసేపు. తరవాత ఆ శబ్దంలోంచి శ్రీను గొంతు, నాకు వినీ వినపడనంత మెల్లగా.

"ఇనవడుతుంది" అన్నాడు. "అత్తమ్మా, ఇనవడుతుంది."

అతనికి వినపడింది పాప ఊపిరో, దాని కింద కొట్టుకుంటున్న నా గుండె చప్పుడో నాకు ఇప్పటికీ తెలియదు.